మోయాబు సున్నం, మా చర్చి మెట్లు

ఆమోసు ప్రవక్త మొదటి రెండు అధ్యాయాలు తెరిస్తే నేను ఇప్పటికీ కూర్చోలేను. మోకాళ్ళు అరిగిపోయాయి, ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడు, అయినా లేస్తాను. చెయ్యి దానంతటదే పైకి పోతుంది. వంటింట్లోంచి మా ఆవిడ కేకేస్తుంది, "మల్ల లేచినవా? ఇంట్ల ఎవరున్నరని చెప్తున్నవ్?" అని. గోడ ఉంది కదా అంటాను. గోడకు చెప్పినా నాకు సంతోషమే.

ముప్పై ఏడేళ్ళు పాస్టరుగా పనిచేశాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల ఊళ్ళు, అప్పట్లో అంతా కలిపి పాలమూరు జిల్లానే. ఎక్కడెక్కడికి బదిలీ అయ్యాను, ఎవరు సన్మానం చేశారు అన్నవి రాయను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను ఒకటే అడుగుతుంటారు: ప్రవచనాలు ఎలా చెప్పాలి అయ్యగారూ, దేశాల మీద దేవుని తీర్పు గురించి చెబితే జనం బాగా వస్తారు కదా అని. వస్తారు, నిజమే. నేనూ అలాగే రప్పించాను. వచ్చినవాళ్ళకు నేనేం చేశానన్నదే ఇప్పుడు చెప్పబోయేది.

పేపరు పట్టుకున్న ప్రవక్త

ఇరాకు మీద యుద్ధం జరుగుతున్న రోజులు. అప్పుడు నేను బిజినేపల్లి చుట్టుపక్కల ఊళ్ళు చూసేవాణ్ణి. రోజూ పేపరు కొనేవాణ్ణి, కత్తెరతో బొమ్మలు కత్తిరించి అట్ట మీద అంటించేవాణ్ణి. బాబెలోను ఎక్కడుంది? ఇరాకులో. బాబెలోను కూలిపోతుందని ప్రవక్తలు చెప్పారా? చెప్పారు. ఇక నన్ను పట్టేదెవరు. గృహ కూడికల్లో ఇంటి ముందర అట్ట నిలబెట్టి, వెదురు బద్దతో చూపిస్తూ రెండు గంటలు చెప్పేవాణ్ణి. ట్యాంకులు, నూనె బావులు, యూఫ్రటీసు నది. జనం నోరు తెరిచి వినేవాళ్ళు. నాలో నేను పొంగిపోయేవాణ్ణి.

ఒకరోజు కూడిక అయ్యాక ఒక ముసలి రైతు దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు. "మంచిగ చెప్పిన్రు అయ్యగారూ. పొద్దుగాల రేడియోల గూడ గిట్లనే చెప్పిన్రు" అన్నాడు.

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. నేను కూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాను. సంబరపడుతూ మోపెడ్ మీద ఇంటికొచ్చాను.

అలిగినవాళ్ళ పుస్తకం

మాకు పైఅధికారి ఒకాయన నాగర్‌కర్నూలులో ఉండేవారు. అందరం పెద్దయ్యగారు అనేవాళ్ళం. ముందు చెప్పకుండా వచ్చి చెప్పుల దగ్గర, చివరి చాప మీద కూర్చునేవారు. వనపర్తిలో మూడు రోజుల కూటాలు పెట్టినప్పుడు అలాగే వచ్చారు. నేను బాబెలోనును కూల్చి, దుమ్ము దులుపుకుని దిగాను. జనం ఒకటే ఆమెన్‌లు. పెద్దయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"ప్రభుదాసూ, నీ మాటకు ఎవలన్న అలిగిండ్రా?"

"లేదయ్యగారూ. అందరు సంతోషపడ్డరు."

"ఈడ బాబెలోనోళ్ళు ఎంతమంది కూసున్నరు?"

"ఒక్కరు గూడ లేరయ్యగారూ."

"మరి రెండు గంటలు ఎవలికి చెప్పినవ్?"

ఆయన సంచిలోంచి పిల్లలు రాసుకునే చిన్న నోటుపుస్తకం తీసి ఇచ్చారు. ప్రసంగం చేసిన ప్రతిసారీ ఇంటికెళ్ళి అందులో అలిగినవాళ్ళ పేర్లు, ఎందుకు అలిగారో రాయమన్నారు. నెలకోసారి తెచ్చి చూపించమన్నారు. మొదటి రెండు నెలలు ఖాళీ పుస్తకం తీసుకుపోయాను. ఆయన టీ తాగించి పంపారు.

పెద్దయ్యగారు చెప్పిందల్లా సరైనదని అనను. మనిషి మొండి. ఆరాధన మధ్యలో ఆడవాళ్ళు నోరు తెరిస్తే ఆయనకు గిట్టేది కాదు, మమ్మల్నీ అడ్డుకోమనేవారు. ఆ ఒక్క మాటా నేను వినకపోవడం ఎంత మేలైందో ముందు ముందు చెబుతాను. కానీ ఆ పుస్తకం మాత్రం నాకు బైబిలు కాలేజీలో మూడేళ్ళు నేర్పని విద్య నేర్పింది. ప్రవక్తలను మళ్ళీ మొదటి నుంచి చదివాను, ఈసారి పేపరు పక్కన పెట్టి. అలా దొరికాడు ఆమోసు.

గొర్రెల కాపరి అతను. చదువుకున్నవాడు కాదు, ప్రవక్తల కుటుంబంలో పుట్టినవాడూ కాదు. మన గట్టు మండలం వైపు గొంగడి కప్పుకుని నడిచే మనిషి లాంటివాడు. అలాంటివాడు పొరుగు రాజ్యానికి పోయి, నడిబజారులో నిలబడి దేశాల పేర్లు ఒక్కొక్కటే పిలిచి తప్పు చదివాడు. మొదటిసారి అర్థమై చదివిన రోజు నేను అన్నం తినలేదు. ఆకలి లేక కాదు, గుర్తు రాక.

మంచి బండలు

ఆ తర్వాత నన్ను గద్వాల వైపు వేశారు. గట్టు దగ్గర ఒక ఊళ్ళో మావాళ్ళు ముప్పై ఇళ్ళు. ఊరి పేరు రాయను. వానాకాలం వేరుశనగ, ఆముదాలు, మిగతా కాలం వలస. ఏళ్ళ తరబడి రేకుల పందిరి కింద ఆరాధన చేసుకున్నారు. ఎట్టకేలకు ఊరి బయట కొంచెం జాగా దొరికింది. అందరూ రాళ్ళు మోసి, ఇసుక మోసి చర్చి కట్టుకున్నారు. చుట్టూ గోడ కూడా పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో మావాళ్ళకు తమదని చెప్పుకోవడానికి ఒక గోడ ఉండడం అదే మొదటిసారి. ఈ సంగతి మరిచిపోయి మిగతా కథ చదవొద్దు.

కట్టింది మా సంఘ పెద్ద ఏసేపు మేస్త్రి. మంచి పనిమంతుడు, నోరు తక్కువ. గోడ తూర్పు వైపు మా హద్దు దాటి ఆరడుగులు ముందుకు పోయింది. అటు ఖాళీ నేలే కదా అనుకున్నాం. ఒకరోజు ఆయన నన్ను పిలిచాడు.

"అయ్యగారూ, మెట్లకు మంచి బండలు దొరికినయి."

నాలుగు బండలు. నున్నగా, వెడల్పుగా ఉన్నాయి. ఒక్కో బండ మీద చిన్న నంది చెక్కి ఉంది. చూడగానే నాకు తెలిసింది. ఆ ఊళ్ళో ఒకప్పుడు శివుణ్ణి కొలిచే నేతగాళ్ళు నాలుగైదు ఇళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు చనిపోయినవాళ్ళను కాల్చరు, కూర్చోబెట్టి మట్టి చేస్తారు, పైన బండ వేస్తారు. మగ్గాల పని కోసం అందరూ గద్వాలకు వెళ్ళిపోయారు.

"ఎవరన్న వస్తరా వీటి కోసం?" అని అడిగాను.

"నేనైతే ఎవర్నీ చూడలే."

"అయితే బొమ్మ ఉన్న దిక్కు కిందికి తిప్పి వెయ్యి" అన్నాను.

ఆ మాట నాది. ఏసేపుది కాదు. విగ్రహం ఉన్న రాయి కదా, తిప్పి వేస్తే దేవుని పనికి వస్తుందని నాకు నేనే ఒక భక్తి మాట చెప్పుకున్నాను. మన వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇది పెద్ద ప్రమాదం. చెడ్డ పనికి మంచి మాట మనకు వెంటనే దొరుకుతుంది.

పెత్తరమాస వచ్చింది. పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. చర్చిలో నేను చాపలు దులుపుతుంటే ఒక ముసలామె స్టీలు డబ్బా పట్టుకుని, గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి వచ్చింది. పేరు శంకరమ్మ. గద్వాల నుంచి బస్సులో వచ్చింది. అంతకు ముందు రెండేళ్ళు ఒంట్లో బాగాలేక రాలేకపోయిందట. ఎండకు అలిసిపోయి మా మెట్టు మీద కూర్చుంది. డబ్బా పక్కన పెట్టుకుంది. నీళ్ళడిగితే ఇచ్చాను.

"మా ఆయనది ఈన్నే ఉండె అయ్యా. బండ ఉండె. పక్కన నాకు జాగ ఇడిసిపెట్టినం. ఏడ పోయింది?"

"మాకు తెల్వదవ్వా. మేం వచ్చేసరికి ఖాళీగ ఉండె" అన్నాను.

ఆమె నా ముఖం వైపు చాలాసేపు చూసింది. డబ్బా తీసుకుని, మూత కూడా తియ్యకుండా వెళ్ళిపోయింది. ఆమె అడిగింది బండ కోసం కాదు, తను పోయాక పండుకోవాల్సిన చోటు కోసం. అది నాకు అప్పుడే అర్థమైంది. అర్థమై కూడా అబద్ధం చెప్పాను.

ముగ్గుతో గీసిన దేశాలు

ఇప్పుడు నేను చెప్పబోయేది మీరు నమ్మకపోవచ్చు. అది జరిగిన కొద్ది వారాలకే అదే చర్చి ముందర నేను ఆమోసు మొదలుపెట్టాను. ఎంత ఉత్సాహంగానో చెప్పలేను. మనసులో ఎక్కడా ముల్లు గుచ్చుకోలేదు. మనిషి అలా కూడా ఉండగలడు, గుర్తుపెట్టుకోండి.

పేపరు బొమ్మలు మానేశాను కదా, కొత్త పద్ధతి పెట్టాను. ఆదివారం పొద్దున ఆడవాళ్ళు అలికిన వాకిట్లో ముగ్గుపిండితో దేశాలు గీసేవాళ్ళు. పైన దమస్కు, ఇటు గాజా, అటు తూరు, కింద ఎదోము, పక్కన అమ్మోను, మోయాబు. నడుమ ఇశ్రాయేలు. వారానికో దేశం. ఆ దేశం గీతలో నేను నిలబడి, అది చేసిన తప్పు చదివేవాణ్ణి. వాకిలే కోర్టయింది.

చూడండి, ఇందులో ఎంత గొప్ప సంగతి ఉందో. ఈ దేశాలేవీ దేవుని ధర్మశాస్త్రం చదివినవి కావు. దేవుడు వాళ్ళను విశ్రాంతి దినం పాటించారా అని అడగలేదు, ఏ గుళ్ళో మొక్కారని అడగలేదు. మనుషులను ఏం చేశారని అడిగాడు. దమస్కును, మనుషుల మీద పంట నూర్చే ఇనుప పనిముట్లు నడిపావెందుకని అడిగాడు. గాజాను, ఊళ్ళకు ఊళ్ళు బానిసలుగా ఎందుకు అప్పజెప్పావన్నాడు. రాజ్యాలు జవాబు చెప్పాలి, సేనాపతులు జవాబు చెప్పాలి. చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

జనం కూడా ఊగిపోయారు. ప్రతి దేశానికీ వాళ్ళకు తెలిసిన మనిషి ఒకడు గుర్తొచ్చేవాడు. అమ్మోను హద్దు పెంచుకోవడం కోసం గర్భిణులను కూడా వదల్లేదని చదివిన రోజు, గట్టు దున్ని పక్క చేనులోకి జరిగే రైతుల పేర్లు వరసగా బయటికొచ్చాయి. "మా పక్క చేనాయన అచ్చం అమ్మోనోడే" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గోడ ఆరడుగులు జరిపిన ఏసేపు కూడా నవ్వాడు.

రూతమ్మ అడిగింది

మోయాబు వారం వచ్చింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వారం. ముందు రాత్రంతా నిద్ర పట్టలేదు, అంత ఆత్రం.

మోయాబు చేసిన తప్పేమిటి? ఎదోము రాజు ఎముకలను కాల్చి సున్నం చేశాడు. ఇంతే. ఇప్పుడు జాగ్రత్తగా వినండి అని గీత మీద అటూ ఇటూ తిరుగుతూ చెప్పాను. ఎదోము ఎవరు? ఇశ్రాయేలుకు పగవాడు. రెండు వారాల కింద ఆ ఎదోము మీదే దేవుడు తీర్పు చెప్పాడు. అలాంటివాడి శవానికి అన్యాయం జరిగితే, అడగడానికి వాడి వాళ్ళు ఎవరూ మిగలకపోతే, దేవుడు అడిగాడు. మన దేవుణ్ణి మొక్కనివాడి ఎముకల తరఫున మన దేవుడు కోర్టులో నిలబడ్డాడు. ఇంతకన్నా పెద్ద మాట ఏ రాజ్యాంగంలో ఉంది చెప్పండి అన్నాను.

"మరి సున్నం ఏం చేసుకున్నడయ్యగారూ?" అని ఎవరో అడిగారు.

"ఇంటి గోడలకు పూసుకున్నాడని కొందరు పెద్దలు చెప్తారు" అన్నాను.

అప్పుడు రూతమ్మ లేచింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ప్రతి శనివారం మా చర్చి మెట్లు కడిగేది ఆమే.

"అయ్యగారూ, మన మెట్ల బండలు యాడివి?"

రూతమ్మ గొంతులో కోపం లేదు. కడిగేటప్పుడు బండ అంచు కింద చెయ్యి పెడితే చెక్కిన బొమ్మ తగులుతోందట. ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకుంటోంది, ఇప్పుడు సందు దొరికింది.

ఏసేపు నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా లేచాడు. "నేనే తెచ్చిన. పనికిరాని రాళ్ళని తెచ్చిన" అన్నాడు.

ఆయన నన్ను కాపాడుతున్నాడు. నేను నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది. ఒక పెద్ద మీద నింద పడేది, నేను ఆయనను క్షమించినట్టు నటించేవాణ్ణి. ఇలాంటి క్షణం మీకూ వస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేను, వస్తుందని మాత్రం చెప్పగలను.

మోయాబు గీతలోనే నిలబడి చెప్పాను. బండలు చూసింది నేను, సమాధులవని తెలిసింది నాకు, తిప్పి వెయ్యమన్నది నేను, ముసలామెకు అబద్ధం చెప్పింది నేను అని. ఒక విచిత్రం చెప్పాలి, ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టు హాయిగా ఉంది.

పెద్ద గొడవైంది. ఏసేపు అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"ఇప్పుడు తీస్తే ఊరోళ్ళు ఊకుంటరా అయ్యగారూ? బండలు తీస్తే గోడ అంటరు, గోడ తీస్తే జాగ అంటరు. మన తాతలకు ఈ ఊర్ల ఒక్క గోడ లేకుండె. ఇది పోతే మల్ల రేకుల కిందికేనా?"

ఆయన మాట తప్పని నేను అనలేకపోయాను. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. జవాబు చెప్పింది రూతమ్మే.

"అమ్మోనోళ్ళు గూడ హద్దు కోసమే చేసిన్రని పోయిన వారం చెప్తిరి. మనం నవ్వితిమి గద ఏసేపూ."

పెద్దయ్యగారి మాట విని ఆడవాళ్ళను మాట్లాడనివ్వకపోయి ఉంటే ఆ వాక్యం ఆ రోజు మాకు అందేది కాదు. ఆ రాత్రి నోటుపుస్తకం తెరిచాను. పేజీ నిండిపోయింది. మొదటి పేరు నాదే రాశాను.

గద్వాలలో

మంగళవారం గద్వాలకు వెళ్ళాను. నేతగాళ్ళ వాడలో అడిగితే శంకరమ్మ ఇల్లు చూపించారు. లోపల గుంట మగ్గంలో కొడుకు చీర నేస్తున్నాడు. ఆమె గడప పక్కన రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టింది.

కూర్చోకుండానే అంతా చెప్పాను. రాట్నం ఆగింది, మగ్గం ఆగింది.

"బొమ్మ కిందికి పెట్టిన్రా?"

"పెట్టినం అవ్వా."

"ఎవరు చెప్పిన్రు?"

"నేనే."

కొడుకు గుంటలోంచి పైకి వచ్చాడు. "లే అమ్మా, పోలీసుల దగ్గరికి పోదాం. ఈ పెద్దమనిషి గూడ వస్తడు" అన్నాడు. వస్తానన్నాను. నిజంగానే వెళ్దామనే అన్నాను. ఆమె చేత్తో కొడుకును ఆపింది.

"ఆ దినం నీళ్ళడిగితే ఇచ్చినవ్. గదే నోటితోని ఈ ముచ్చట గూడ చెప్తే అయిపోయేది గద. రెండు నెలల సంది నాకు నిద్ర లేదు. నేనే జాగ మర్సినేమో, నాకే మతి పోయిందేమో అనుకున్న."

అబద్ధం ఆమెను ఆమె మీదే అనుమానపడేలా చేసిందని అప్పటిదాకా నాకు తట్టలేదు. మళ్ళీ ఆమే అడిగింది.

"ఇప్పుడు చెప్పనీకి ఎవరు పంపిన్రు నిన్ను?"

మోయాబు కథ చెప్పాను. పండితులకు చెప్పినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు. ఒక రాజు, ఇంకో రాజు ఎముకలు, సున్నం, దేవుడు అడగడం. ఆమె చేతిలో కండె పట్టుకుని శ్రద్ధగా విన్నది.

"మరి ఆ మోయాబోళ్ళు ఎముకలు తిరిగిచ్చిన్రా?"

"యాడ ఇస్తరవ్వా. సున్నమైపాయె."

శంకరమ్మ కండె బుట్టలో వేసి, కొంగు దులుపుకుని లేచి నిలబడింది.

"మీది ఇంక సున్నం కాలే గద. పా, పోదాం."

ముప్పై ఏడేళ్ళు ఆ వాక్యం మీద నేను చదివిన వ్యాఖ్యానాలన్నీ కలిపినా ఈ ఒక్క మాటకు సరిరావు. దేవుని తీర్పు అంటే శిక్ష పడే రోజని మనం చెబుతాం. తిరిగి ఇవ్వడానికి ఇంకా వేళ మిగిలి ఉండగానే పిలవడం కూడా తీర్పేనని నాకు ఒక నేతగాళ్ళ అవ్వ చెప్పింది. ఆమె బైబిలు ముట్టుకున్న మనిషి కాదు.

తూర్పు గోడ

అందరూ ఉండే ఆదివారం దాకా ఆగమంటే శంకరమ్మ సరేనంది. ఆ ఆదివారం ఆరాధన పెట్టలేదు. పలుగులు, గడ్డపారలు తెచ్చుకున్నాం. ఇదే ఆరాధన అని రూతమ్మ పాట ఎత్తుకుంది. ఎందుకో తెలియదు, అందరిలో పండగనాటి హుషారు వచ్చింది. మొదటి మెట్టు తిప్పినప్పుడు మట్టి కింద నంది కనిపిస్తే పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ముందుకు తోసుకొచ్చి చూశారు. ఊరివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో కొందరు తమాషా చూడ్డానికే వచ్చారు. కాసేపటికి వాళ్ళలోనే ఇద్దరు గడ్డపార అందుకున్నారు.

శంకరమ్మ ఒక్కో బండా తడిమి చూసింది. మూడోదాని దగ్గర ఆగింది. దాని నందికి ఒక కొమ్ము విరిగి ఉంది.

"ఇదే ఈయనది. ఆ దినం నేను కూసున్నది దీని మీదనేనా?"

అవునన్నాను. నీళ్ళిచ్చింది అక్కడే, డబ్బా పెట్టుకున్నదీ అక్కడే.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "బతికున్నప్పుడు ఒక్కనాడు గూడ ఆయన ఎదురుంగ కూసోలే. సచ్చినంక నెత్తి మీదనే కూసున్న" అంది. ఆ తర్వాత ఏడ్చింది. మేమూ ఏడ్చాం.

ఇక బండలు ఎక్కడెక్కడ పెట్టాలన్నది మిగిలింది. అది తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే, తీసినవాడు. ఏసేపు తూర్పు గోడ వైపు నడిచి, అడుగులు కొలిచి, గోడ మీద చెయ్యి పెట్టాడు.

"మూడు దీని కింద. ఒకటి బయట" అన్నాడు. మేం పునాది తక్కువ లోతు తవ్వాం కాబట్టి కింద ఉన్నవాళ్ళు కదల్లేదని కూడా చెప్పాడు. తర్వాత ఎవరూ అడగకుండానే, తను కట్టిన గోడ మీద మొదటి దెబ్బ తనే వేశాడు. సాయంత్రానికి గోడ ఆరడుగులు లోపలికి వచ్చింది. నాలుగు బండలూ వాటి చోట్లలో పడ్డాయి, నందులు ఆకాశం వైపు. ఒక బండ తీసేటప్పుడు రెండు ముక్కలైంది. ముక్కలు కలిపి పెట్టి క్షమించమన్నాం. శంకరమ్మ భర్త బండ పక్కన ఒక మనిషి పట్టేంత నేల ఖాళీగా వదిలి చుట్టూ నాలుగు రాళ్ళు పాతాం.

ఏసేపు భయపడ్డట్టు జాగా మొత్తం పోలేదు. అలాగని అంతా బాగైపోయిందని కూడా రాయను. రెండు కుటుంబాలు అలిగి వేరే చర్చికి వెళ్ళాయి, ఒకటి తిరిగి రాలేదు. మెట్లు చాలాకాలం కట్టుకోలేకపోయాం. చర్చి గడప ఎత్తు, ముసలివాళ్ళు ఎక్కలేరు. ప్రతి ఆదివారం ఏసేపు గడప దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందించి పైకి లాగేవాడు.

యూదా, ఇశ్రాయేలు వారాలు ఆ తర్వాత చెప్పాను. ఆమోసు అన్ని దేశాలూ చుట్టి చివరికి ఇంటికే వస్తాడని చెప్పడానికి వెదురు బద్ద అవసరం పడలేదు. పిల్లలూ, మీరు కూడా దేశాల మీద తీర్పు చెప్పండి. భయపడొద్దు, గట్టిగా చెప్పండి. రాజ్యాలు జవాబు చెప్పాలన్నది నిజం, నేను చచ్చేదాకా నిలబడే చెబుతాను. మీ సంఘం నిలబడిన నేల కూడా ఆ దేశాల్లో ఒకటని మాత్రం మరిచిపోకండి.

జాగ

మూడేళ్ళు పెత్తరమాసకు శంకరమ్మ వస్తూనే ఉంది. అన్నం పెట్టి, రూతమ్మతో కాసేపు మాట్లాడి వెళ్ళేది. నాతో తక్కువ మాట్లాడేది. పూర్తిగా క్షమించిందో లేదో నేను అడగలేదు. అది అడిగే హక్కు నాకు లేదు.

నాలుగో ఏడు వేసవిలో ఒక పొద్దున ఫోను మోగింది. శంకరమ్మ కొడుకు. నన్ను పోలీసుల దగ్గరికి తీసుకుపోతానన్న మనిషి.

"అమ్మ పోయింది అయ్యగారూ" అన్నాడు. "జాగ ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

నా సేవ మొత్తంలో నేను చేసిన ప్రసంగాల్లో అన్నిటికన్నా చిన్నది అదే. ఫోను పెట్టేసి బయటికి వెళ్ళాను. వాకిట్లో ఉన్న ఏసేపుకు నా ఫోను మాట వినబడినట్టుంది, అప్పటికే పార భుజాన వేసుకుని తూర్పు వైపు నడుస్తున్నాడు.